ఎండకి ఏ గుడ్డ, పూటకి ఏ వంట: తిరుపతి ఎండాకాలానికి కొన్ని ఎంపికలు

ఏప్రిల్ వచ్చిందంటే మా బొటీక్‌లో గుమ్మంలోనే వినపడే మాట ఒకటుంది: "కాటనేనా అక్కా?" అవునంటే చాలు, సగం బేరం తెగిపోయినట్టే. నాకు మాత్రం ఆ ప్రశ్న చాలదనిపిస్తుంది. కాటన్‌లోనే మధ్యాహ్నం పన్నెండింటి ఎండకి పనికొచ్చేవి వేరు, సాయంత్రం గుడికి కట్టుకునేవి వేరు, ఉతికి ఆరేసి ఇస్త్రీ చేసే ఓపిక ఉన్నవాళ్ళకి తప్ప ఎవరికీ పనికిరానివి వేరు. అందుకని నేను ముందు రెండే అడుగుతాను. ఇది కట్టుకుని ఏ పూట బయటికి పోతారు? దీన్ని ఉతికేదెవరు? ఈ రెండూ తేలితే రంగు, రేటు వాటంతట అవే తేలతాయి.

సెలవుల వంటకీ అదే లెక్క. ఏ పూటకి, పొయ్యి దగ్గర నిలబడేదెవరు? పిల్లలు ఇంట్లో, చుట్టాలు హాల్లో, ఒక్క మనిషి మాత్రం వంటింట్లో చెమటలు కక్కుకుంటూ ఉండే ఇళ్ళు మన ఊళ్ళో తక్కువేం కాదు. అందుకే ఈసారి కొత్తగా వచ్చిన బట్టల గురించి చెప్తూ, వంటల గురించి కూడా చెప్దామనుకున్నాను.

ముందు మన ఎండ సంగతి. అనంతపురం ఎండ పొడి ఎండ, పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. తిరుపతిలో అలా కాదు. శేషాచలం బండలు పగలంతా కాగి, పొద్దు గుంకాక ఆ సెగంతా ఊరి మీదికి వదుల్తాయి. సముద్రం కూడా మరీ దూరం కాదు గనక గాల్లో తడి ఉంటుంది. 40 డిగ్రీలు దాటిన ఎండకి ఉక్కపోత తోడైతే చెమట ఒంటి మీదే నిలబడుతుంది. కాబట్టి ఇక్కడ గుడ్డ పల్చగా ఉంటే చాలదు, చెమటని పీల్చాలి, పీల్చింది తొందరగా వదలాలి. కత్తిరి ఎండలు మొదలయ్యే మే మొదటి వారం నుంచి రోహిణి కార్తె పోయేదాకా ఈ లెక్క గుర్తుపెట్టుకోండి.

చీరల్లో: వెంకటగిరా, మంగళగిరా, మల్‌మల్లా?

వెంకటగిరి మన జిల్లా చీర. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. వెలుగోటి రాజుల కాలం నుంచి నేత నేసిన ఊరు. దాని గొప్పంతా నూలులో ఉంది. నూలుకి నంబరు ఉంటుంది, నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది. వెంకటగిరిలో మేలు రకానికి నూరో నంబరు నూలు వాడతారు. అందుకే ఆరు గజాల చీర మడిచి చేతిలో పెడితే బరువే తెలీదు. జాందానీ బుటా కావాలంటే అక్కడి మగ్గం మీద ఒక్కో పువ్వుకీ విడిగా పోగు వేసి చేత్తో తిప్పుతారు.

కొనేముందు ఒక పని చెయ్యండి. మా కొట్టయినా సరే, ఇంకెవరి కొట్టయినా సరే, ట్యూబులైటు కింద చూసి ఊరుకోకుండా చీరని గుమ్మం దాకా పట్టుకొచ్చి వెలుతురుకి అడ్డం పెట్టండి. చేతిమగ్గం గుడ్డలో పోగులు అక్కడక్కడ కాస్త దగ్గరగా, కాస్త ఎడంగా పడతాయి. అచ్చు గుద్దినట్టు అంతా ఒక్కలాగే ఉంటే అనుమానించాలి. తర్వాత బుటాని తిరగేసి చూడండి. జాందానీ అయితే వెనకవైపు కూడా పువ్వు పువ్వులాగే కనిపిస్తుంది, ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకి పోగులు వేలాడవు. మరమగ్గం బుటాకి వెనక పొడుగాటి పోగులు వదిలేస్తారు, లేదంటే కత్తిరిస్తారు. వేలాడే పోగులు గాజుకీ మెట్టెకీ తగులుకుంటాయి. కత్తిరించిన మొనలు చెమట పట్టిన నడుముని గీరుతూనే ఉంటాయి. ఐదొందలకే చేతిమగ్గం వెంకటగిరి అని ఎవరన్నా చూపిస్తే నవ్వి ఊరుకోండి. చేతిమగ్గం గుడ్డేనని ప్రభుత్వం తరఫున ఇచ్చే హ్యాండ్‌లూమ్ మార్క్ చీటీ ఉందేమో అడగండి, అది 2006 నుంచీ ఉంది.

మరమగ్గం అంటే పనికిరానిదని నా ఉద్దేశం కాదు. నగరి, పుత్తూరు చుట్టుపక్కల ఎన్ని కుటుంబాలు దాని మీదే బతుకుతున్నాయో మనకి తెలుసు. లుంగీకి, లోపలి లంగాకి, నైటీకి మరమగ్గం నూలుగుడ్డ చక్కగా సరిపోతుంది. చేతిమగ్గం పేరు చెప్పి, చేతిమగ్గం రేటుకి అమ్మడమే తప్పు.

ఇంత మెచ్చుకున్నా వెంకటగిరి అందరికీ ఇవ్వను. గంజి పోయాక అది ఒంటికి అతుక్కుని నీరసంగా వేలాడుతుంది. గంజి పెట్టి, తడిపొడిగా ఉన్నప్పుడే ఇస్త్రీ చేస్తేనే దాని అందం. ఇంట్లో ఆ పని చేసేవాళ్ళు లేకపోతే, ఇస్త్రీ బండికి వేసి రెండు రోజులు ఆగే తీరిక లేకపోతే, అది బీరువాలోనే ఉండిపోతుంది. గంజి కూడా ఎండాకాలం పల్చగానే పెట్టాలి. చిక్కటి గంజి పెడితే పోగుల మధ్య సందులు మూసుకుపోయి అట్ట కట్టుకున్నట్టే ఉంటుంది. అంత సన్నటి నూలు కొన్నదానికి ఫలం ఉండదు.

మంగళగిరి కాస్త మొద్దు గుడ్డ. ఒంటి మీద బుటాలుండవు, చిన్న గోపురాల వరసలా ఉండే నిజాం అంచు ఒక్కటే దాని ముద్ర. నేత దట్టంగా ఉంటుంది, ఎక్కువ ఉతుకులకి తట్టుకుంటుంది. బ్యాంకుల్లో, బడుల్లో, యూనివర్సిటీ వైపు పనిచేసే ఆడవాళ్ళు పొద్దున కట్టుకుని సాయంత్రం దాకా అదే చీరలో ఉండాలి. వాళ్ళకి నేను ఇదే చెప్తాను. వెంకటగిరితో పోలిస్తే మధ్యాహ్నం రెండింటికి కాస్త వేడిగా ఉన్న మాట నిజమే. కానీ మెషీన్లో వేసినా కొంప మునగదు, ఇస్త్రీ ఒక పూట తప్పినా నలుగురిలోకి పోవచ్చు.

మల్‌మల్ అంటే పల్చటి, మెత్తటి నూలుగుడ్డ, దాని మీద ఇప్పుడు అందరికీ మోజు. జైపూర్ వైపు సంగనేరు, బగ్రూ అచ్చులు వేసినవి మా దగ్గరికి ఈసారి ఎక్కువే వచ్చాయి. దానంత మెత్తన ఏదీ లేదు, గంజి అక్కర్లేదు, పసిబిడ్డని ఎత్తుకునే తల్లికి అంతకు మించిన చీర లేదు. అయితే పిన్ను పెట్టిన చోట చిరుగుతుంది. భుజం మీద పిన్ను లేకుండా చీర కట్టే అలవాటు ఉన్నవాళ్ళే తీసుకోండి. కోటా చీరకి గళ్ళగళ్ళుగా గాలి ఆడుతుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కానీ లోపలి లంగా రంగు బయటికి కనపడిపోతుంది, స్కూటీ తాళానికి తగిలితే పోగు లేస్తుంది. స్కూటీ మీద తిరిగేవాళ్ళకి అది వద్దు.

లినెన్ అవిసె కాడ నుంచి తీసిన నార. చెమటని బాగా పీలుస్తుంది, తొందరగా ఆరుతుంది, మన ఉక్కకి అదే అసలు మందు. ముడతలు పడుతుంది, పడనివ్వండి. ముడతలే దాని తీరు. చిక్కేమిటంటే లినెన్ పేరుతో అమ్మేవాటిలో చాలావాటికి లినెన్ పేరొక్కటే ఉంటుంది. కొంగు చివర పోగొకటి అడిగి తీసుకుని అగ్గిపుల్ల వెలిగించండి. నూలైనా నారైనా కాగితంలా కాలి బూడిదవుతుంది. పాలియెస్టర్ కలిస్తే కరిగి, నల్లగా పూసలా గట్టిపడుతుంది. పోగు ఇవ్వడానికి ఒప్పుకోని కొట్లో లినెన్ కొనకండి.

నన్నడిగితే ఒక్క చీరే కొనేవాళ్ళకి మంగళగిరి. రెండయితే దాని పక్కన ఒక వెంకటగిరి. మల్‌మల్ మూడోది. పెళ్ళిళ్ళకి అంటారా, వైశాఖంలో ముహూర్తాలు ఉంటాయి, కంచిపట్టు కట్టుకుని కల్యాణమండపంలో తడిసి ముద్దవడం మనకి కొత్త కాదు. దగ్గరి చుట్టం కాకపోతే గద్వాల కట్టండి. ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఫోటోలో పట్టే, ఒంటికి నూలే.

కలంకారీ కొనేవాళ్ళకి ఒక మాట

శ్రీకాళహస్తి పక్కనే ఉంది గనక చుట్టాలొస్తే "కలంకారీ చూపించండి" అని తీసుకొస్తారు. కలంకారీ పేరుతో మూడు రకాలు తిరుగుతున్నాయి. శ్రీకాళహస్తిలో వెదురు కలంతో చేత్తో గీసేది ఒకటి. మచిలీపట్నం, పెడన వైపు చెక్క అచ్చులతో వేసేది రెండోది. ఆ బొమ్మల్నే మిల్లు గుడ్డ మీద ముద్రించేది మూడోది.

కలంతో గీసిన గీతని కాసేపు కంటితో వెంబడించండి. నెమలి మెడ దగ్గర సన్నగా మొదలై వీపు దగ్గరికి వచ్చేసరికి లావవుతుంది. రంగు అయిపోయి మళ్ళీ ముంచిన చోట చిన్న చుక్క మిగులుతుంది. పక్కపక్కనే ఉన్న రెండు నెమళ్ళు ఒకేలా ఉండవు. అచ్చు వేసినదాంట్లో బొమ్మ తిరిగి తిరిగి అదే వస్తుంది, అచ్చుకీ అచ్చుకీ మధ్య అతుకు దగ్గర గీత ఒక వెంట్రుకవాసి జరుగుతుంది. మిల్లు ముద్రలో ఆ జరుగుడు ఉండదు, తిరగేస్తే వెనక తెల్లగా వెలిసినట్టు ఉంటుంది. ఇంకో ఆనవాలు ముక్కే. చేతి కలంకారీ గుడ్డని ముందు కరక్కాయ కలిపిన పాలల్లో నానబెడతారు, నలుపు కోసం ఇనప ముక్కల్ని బెల్లం నీళ్ళలో ఊరబెట్టిన కసిమి వాడతారు. కొత్త గుడ్డకి ఆ వాసన కొన్నాళ్ళుంటుంది. దాన్ని చూసి "పాతదేమో" అని వదిలేసిపోయే వాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది.

ఎండాకాలానికి ఏది? చేతి కలంకారీ చీర పగలు చెమటలో కట్టేది కాదు. వేసవికి కావాలంటే దుపట్టానో, జాకెట్టు ముక్కో తీసుకోండి, సాయంత్రాలకి వాడండి. విడిగా, చన్నీళ్ళలో, కుంకుడు రసంతో ఉతికి నీడన ఆరేయాలి. ఇంట్లో ఉతికే మనిషి అన్నీ కలిపి మెషీన్లో వేసేరకమైతే పెడన అచ్చు వాటికే పోండి, వాటిని కూడా మొదటి రెండుసార్లు విడిగా జాడించండి. కొత్త బట్టల్ని ఉప్పు నీళ్ళలో నానబెడితే రంగు పోదని మనకో నమ్మకం. దిగే రంగు ఉప్పు వేసినా దిగుతుంది. విడిగా ఉతకడమే దారి.

కుర్తాలు, నైటీలు, పిల్లల గౌన్లు

కుర్తాల దగ్గర ఎక్కువమంది తికమకపడేది రేయాన్ గురించి. చేతికి చల్లగా జారుతుంది, రంగులు నిగనిగలాడతాయి, రేటు తక్కువ. అది కర్ర గుజ్జు నుంచి చేసినది కాబట్టి అగ్గిపుల్ల పరీక్షలో కాటన్‌లాగే కాలుతుంది, అలా పట్టుకోలేరు. ఒక పోగుని నాలుక మీద తడిపి లాగండి. తడిస్తే రేయాన్ బలం పోతుంది, పుటుక్కున తెగుతుంది. నూలు తడిస్తే ఇంకా గట్టిపడుతుంది. ఇంట్లో, ఏసీ గదిలో రేయాన్‌కి వంక పెట్టను. చెమటకి తడిసి, నలుపుడు ఉతుకు పడి, మళ్ళీ ఎండలో ఆరే బట్టకి మాత్రం అది ఒక్క వేసవికే. కుదించుకుపోతుంది కూడా, ఒక సైజు పెద్దదే తీసుకోండి.

అసలు మోసం అస్తరులో జరుగుతుంది. పైన చక్కటి కాటన్, లోపల పాలియెస్టర్ లైనింగ్. ఒంటికి తగిలేది లోపలిదే కదా! పిల్లల గౌన్లలో మరీ ఎక్కువ. మెడ దగ్గర తిరగేసి లోపలి గుడ్డని బొటనవేలితో రుద్ది చూడండి, కిస కిసమంటే పక్కన పెట్టేయండి. కుట్టించుకునేవాళ్ళు అస్తరు కూడా కాటనే కొనివ్వండి, రెండూ ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి ఆరేశాకే టైలరుకి ఇవ్వండి. లేకపోతే మొదటి ఉతుకులో పైగుడ్డ ఒకలా, అస్తరు ఇంకోలా కుదించుకుపోయి అంచు వంకర్లు తిరుగుతుంది. మేలో మన ఊరి గంగమ్మ జాతర వారం వచ్చిందంటే టైలర్లెవరూ మాటకి దొరకరు. ఏప్రిల్ దాటకముందే కొలతలు ఇచ్చేయండి.

పిల్లలకి ఎండాకాలం తెల్లటి బట్టలు చల్లగా ఉంటాయని చెప్తారు. నిజమే. మామిడిపళ్ళ కాలంలో మాత్రం నేను తెలుపు అమ్మను. పసుపు మరక పడితే భయం లేదు. సబ్బు తగిలితే ఎర్రబడి కంగారు పెడుతుంది గానీ, తడిగా ఎండలో ఆరేస్తే ఎండే దాన్ని తినేస్తుంది. ఊరగాయ నూనె పడితే వెంటనే శెనగపిండి చల్లి, నూనె పీల్చాక ఉతకండి. మామిడి సొన మరకకి మాత్రం నాకు తెలిసి మందు లేదు, రోజులు గడిచేకొద్దీ నల్లబడుతుంది. లేత నీలం, ఆకుపచ్చ గళ్ళు, చిన్న పువ్వుల అచ్చులు తీసుకోండి. మరకలు అందులో కలిసిపోతాయి, మీరూ పిల్లల మీద అరవక్కర్లేదు.

నైటీల గురించి ఎవరూ రాయరు, కొట్టు అద్దె సగం కట్టేది అవే. జేబున్నది తీసుకోండి, ముందు జిప్పు వద్దు. ఎండలో పొయ్యి దగ్గర నిలబడితే ఆ జిప్పు మెడకింద చురుక్కుమంటుంది.

కొండకి పోయేవాళ్ళకి ఇంకో లెక్క. 300 రూపాయల దర్శనానికైనా సేవలకైనా సంప్రదాయ దుస్తులు ఉండాలి. మగవాళ్ళకి పంచె ఉత్తరీయం గానీ పైజామా కుర్తా గానీ, ఆడవాళ్ళకి చీర, లంగావోణీ, లేదా దుపట్టాతో చుడీదార్. సెలవులకి బెంగళూరు నుంచి, చెన్నై నుంచి దిగే పిల్లల సంచుల్లో ఇవి ఉండవు. దర్శనం రోజు పొద్దున్న మా తలుపు తట్టేది ఎక్కువగా వీళ్ళ కోసమే. నడిచి ఎక్కేవాళ్ళు అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు ఎక్కాలి. చీరతోనో పంచెతోనో మొదలుపెట్టి చెమటలో తడిసి అవే బట్టలతో క్యూలో కూర్చోవడం కంటే, మల్‌మల్ కుర్తా, వదులు ప్యాంటుతో ఎక్కి, పైన గదిలో పొడి బట్టలు మార్చుకోవడం నయం. కొండ మీద రాత్రికి చల్లబడుతుంది, పల్చటి శాలువా ఒకటి పెట్టుకోండి.

తాగడానికి: అంబలి, మజ్జిగ, నన్నారి, పానకం

ఇక వంటింటి సంగతి. పదకొండింటికి బయటి నుంచి వచ్చిన మనిషికి ఒకటి, ఆటలాడి వచ్చిన పిల్లలకి ఒకటి, పెద్దవాళ్ళకి ఒకటి ఇవ్వాలి. అన్నిటికీ ఒకే సీసా రంగునీళ్ళు పనికిరావు.

పొద్దున పూటకి రాగి అంబలిని మించింది లేదు. గంగ జాతరలో అమ్మకి పోసే అంబలి ఊరికే వచ్చిన ఆచారం కాదు, అది మే నెల ఎండకి పుట్టిన తిండి. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకి పైనే కాల్షియం ఉంటుంది. అసలు లాభం అయితే, పొయ్యి దగ్గర పదినిమిషాల పనే. రాత్రి నాలుగు చెంచాల రాగిపిండిని ఒక గ్లాసు నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి మూతపెట్టండి. తెల్లారేసరికి సన్నగా పులిసిన వాసన వస్తుంది. మూడు గ్లాసుల నీళ్ళు మరిగించి, మంట తగ్గించి, ఈ పిండి నీళ్ళు ఒక చేత్తో పోస్తూ ఇంకో చేత్తో కలపండి. మొదట మట్టి రంగులో ఉంటుంది. కాసేపటికి నిగనిగలాడుతూ చిక్కబడి, గరిటె మీద పలచటి పొరలా నిలుస్తుంది. అప్పుడు దించాలి. పూర్తిగా ఆరాక ఉప్పు, పల్చటి మజ్జిగ కలిపి, సన్నగా తరిగిన ఎర్రగడ్డ వేసుకుని తాగాలి. వేడిగా ఉండగానే మజ్జిగ పోస్తే విరిగినట్టయిపోతుంది. కావాలంటే నూకలు ఉడికించి కలపండి, మధ్యాహ్నం దాకా ఆకలి మాట ఎత్తరు. పక్కన కొరుక్కోవడానికి ఒక మజ్జిగ మిరపకాయ ఉంటే ఇంకేం వద్దు.

పిల్లలు అంబలి ముట్టరు అంటారా? బెల్లం, పాలు, యాలకులు వేసి రాగిజావలా ఇవ్వండి, ఉప్పు అంబలి వాళ్ళకి పెద్దయ్యాక దానంతటదే ఎక్కుతుంది.

మజ్జిగకి పొయ్యే అక్కర్లేదు. పెరుగుకి నాలుగింతల నీళ్ళు పోసి చిలికి, కరివేపాకు, అల్లం, ఉప్పు, కాస్త నిమ్మరసం. షుగరు ఉన్న పెద్దవాళ్ళకి ఇదే, రోజులో ఎన్నిసార్లయినా.

నన్నారి అందుకు భిన్నం. సుగంధి వేళ్ళ కషాయంలో సమానంగా చక్కెర పోసి కాచిందే గదా షర్బత్తు. రంగు ముదురుగా, వాసన ఘుమఘుమలాడుతుంటే మందులా కనిపిస్తుంది, గ్లాసుకి పట్టే చక్కెర మాత్రం తక్కువ కాదు. సాయంత్రం ఆరుకి చుట్టాలొస్తే నిమ్మకాయ పిండి, సబ్జాగింజలు వేసి, చల్లటి సోడా పోసి ఇవ్వండి, మర్యాద దక్కుతుంది. రోజూ దాహానికి వాడకండి. బజారు సీసా కొనేటప్పుడు వేరు కషాయమా, వాసన నూనెలా అన్నది చీటీ మీద చదవండి. పచ్చగానో ఎర్రగానో మెరిసేదాన్ని అక్కడే వదిలేయండి. పానకం శ్రీరామనవమికి తప్ప గుర్తుకు రాదు మనకి, చిత్తూరు బెల్లం చేతికందే దూరంలో పెట్టుకుని! లీటరు నీళ్ళకి 100 గ్రాముల బెల్లం, మిరియాలు, శొంఠి, యాలకులు, కొత్త కుండలో పోసి పెట్టడమే. ఎండలో తిరిగొచ్చి నీరసపడినవాళ్ళకి నన్నారి కంటే ఇదే నయం, పైగా పిల్లలే కలుపుకోగలరు.

మామిడి: ఏ కాయ దేనికి

చిత్తూరు వైపు పుట్టి మామిడి గురించి సలహా చెప్పించుకునేవాళ్ళు తక్కువ. కానీ వేరే ఊళ్ళ నుంచి వచ్చిన కోడళ్ళు అడుగుతారు. కోసుకుని తినడానికి బేనీషా, అంటే బంగినపల్లి. పీచుండదు, పిల్లల పళ్ళలో ఇరుక్కోదు, మే మధ్య నుంచి బాగుంటుంది. ఏప్రిల్‌లోనే పసుపుపచ్చగా మెరుస్తూ కనపడితే తొందరపడకండి. పైన పండి, టెంక దగ్గర పుల్లగా, తెల్లగా ఉంటే అది మందు పెట్టి మాగేసినదే. డబ్బుకి వెనకాడకపోతే ఇమాంపసంద్ డజను తెచ్చి పెద్దవాళ్ళకి పెట్టండి, మళ్ళీ బేనీషా ఊసెత్తరు. నీలం చివర్లో వస్తుంది, చిన్నకాయే అయినా వాసన గొప్పది, మిగతావన్నీ అయిపోయాక అదే దిక్కు.

తోతాపురిని గుజ్జు ఫ్యాక్టరీలకి పోయే కాయ అని చిన్నచూపు చూస్తారు. వంటింట్లో నాకు పనికొచ్చేది అదే. దామలచెరువు మండీ వైపు పోయేవాళ్ళుంటే దోరవి ఒక సంచెడు తెప్పించుకోండి. ముక్కలు కోసి ఉప్పూకారం అద్దితే పిల్లల సాయంత్రం గడిచిపోతుంది. మామిడికాయ చిత్రాన్నానికి కూడా దోర తోతాపురే మేలు, పులుపు మితంగా ఉంటుంది. రెండు గ్లాసుల బియ్యానికి ఒక కాయ తురుము. తురుములో సగాన్ని పచ్చి టెంకాయ, ఆవాలు, పచ్చిమిరపకాయలతో రుబ్బుకోవాలి. నూనెలో ఆవాలు, శెనగపప్పు, చెనక్కాయ విత్తనాలు, కరివేపాకు, పసుపు వేగాక రుబ్బింది ఒక్క నిమిషం తిప్పి, దించేముందు మిగతా తురుము వేసి ఆరిన అన్నంలో కలపడమే. తురుముని మంట మీద ఎక్కువసేపు ఉంచితే పచ్చి వాసనతో పాటు రుచీ పోతుంది.

అయితే దీన్ని తలకోన జలపాతానికో కైలాసకోన జలపాతానికో కట్టుకుపోకండి. పచ్చి టెంకాయ ఎండలో సాయంత్రం దాకా ఆగదు. దారికి చింతపండు పులిహోరే, రాత్రి దాకా చెడదు. పెరుగన్నం కావాలంటే అన్నాన్ని మెత్తగా మెదిపి, గోరువెచ్చటి పాలు ఎక్కువగా, పెరుగు ఒక్క చెంచా వేసి కలిపి పెట్టుకోండి. మధ్యాహ్నం విప్పేసరికి తియ్యటి పెరుగన్నం తయారై ఉంటుంది. ఊరగాయకి మాత్రం తోతాపురి వద్దు, మెత్తబడిపోతుంది. టెంక గట్టిపడిన పుల్లటి నాటుకాయ వెతకండి.

మిద్దె మీద ఎండబెట్టేవి

ఇంత ఎండ ఊరికే పోతుంటే ఊరుకునే జాతి కాదు మనది. సగ్గుబియ్యం వడియాలా, మజ్జిగ మిరపకాయలా అంటే మళ్ళీ అదే ప్రశ్న, పొయ్యి దగ్గర నిలబడేదెవరు? సగ్గుబియ్యం రాత్రి నానేసి, తెల్లారుజామునే ఒకటికి ఐదు నీళ్ళు పోసి గింజ అద్దంలా మారేదాకా కలుపుతూ ఉండాలి. ఉప్పు, జీలకర్ర, నూరిన పచ్చిమిరపకాయలు, దించాక నిమ్మరసం. ఎండెక్కకముందే చెంచాతో పెట్టేయాలి. ప్లాస్టిక్ పట్టా మీద పెడితే సులువుగా ఊడతాయి గానీ అడుగు తడి ఆరదు. పాత నూలు చీరో పంచో పరిచి పెట్టండి. పైన ఎండాక గుడ్డని తిరగేసి వెనక నీళ్ళు చిలకరిస్తే రెండు నిమిషాల్లో ఒక్కొక్కటీ ఒలుచుకోవచ్చు. ఈ పనికి రేయాన్ చీర పనికిరాదు, తడిసిన చోట లాగితే వడియంతో పాటు గుడ్డా వస్తుంది.

మజ్జిగ మిరపకాయలకి మంట పనే లేదు. లావు పచ్చిమిరపకాయల్ని తొడిమ ఉంచి నిలువుగా గాటు పెట్టి, ఉప్పు వేసిన పుల్ల మజ్జిగలో రాత్రి నానబెట్టి, పగలు ఎండబెట్టి, సాయంత్రం మళ్ళీ అదే మజ్జిగలో వేయాలి. మజ్జిగంతా పీల్చుకుని తెల్లగా, గలగలమనేదాకా ఇలాగే. పిల్లల చేత గాట్లు పెట్టించకండి, ఎండబెట్టే పని మాత్రం వాళ్ళకే అప్పజెప్పండి. ఊరికి పోయే పని ఉండి రెండు రోజులే ఎండ దొరుకుతుందంటే సగ్గుబియ్యం, వారం పాటు ఇంటి పట్టున ఉండేవాళ్ళకి మిరపకాయలు. కపిలతీర్థం వైపు, కొండకి ఆనుకున్న వీధుల్లో ఉండేవాళ్ళకి ఈ ఎంపిక కూడా లేదు. అక్కడ వడియాలు పెడితే కోతులకి పలారం పెట్టినట్టే. మజ్జిగ మిరపకాయ ఒకటి కొరికిన కోతి మాత్రం రెండోదాని జోలికి పోదు.